ఉడత అని రాసినవాళ్ళకి

అక్కకి ముక్కు మీద కోపం అని అందరూ అనేవాళ్ళు. నిజానికి అంత దూరం కూడా కాదు, నాలుక చివరే ఉండేది. లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో ఆఫీసు పని మొత్తం ఆవిడ చేతిమీదే నడిచేది. ఏ బిల్డింగులో లిఫ్టు మధ్యలో ఆగిపోయినా, ఏ మెకానిక్కు ఫోను ఎత్తకపోయినా, ఓనరుతో సహా అందరూ ఆవిడ బల్ల దగ్గరికే రావాలి. వచ్చి చీవాట్లు తినాలి, పని చేయించుకుని పోవాలి. తిట్టినంతసేపూ తిట్టి, ఆనక తన టిఫిన్ డబ్బా మూత తీసి సగం వాళ్ళ ముందుకే తోసేది. అందుకే ఆవిడ మాటల్ని ఎవరూ మనసులో పెట్టుకునేవాళ్ళు కాదు. దాంతో ఆవిడకి ఒక నమ్మకం కుదిరిపోయింది, ఎంత మాటన్నా ఎదుటివాడు దులిపేసుకుని పోతాడని.

ఆఫీసు ఒక టైర్ల షాపు పైన ఉండేది. కిటికీ తెరిస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్కపోత. ఆ గదిలోనే కూర్చుని కంపెనీ వెబ్‌సైటూ, ఈమెయిళ్ళూ కూడా అక్కే చూసుకునేది. ఎవరూ నేర్పలేదు. మొదట్లో పెట్టిన కుర్రాడు పాస్‌వర్డు ఒక కాగితం మీద రాసిచ్చి పత్తా లేకుండా పోతే, ఒళ్ళు మండి తనే మొదలుపెట్టింది. రెండుసార్లు వెబ్‌సైటు మొత్తాన్ని మాయం చేసి, దాన్ని నడిపే హోస్టింగ్ కంపెనీ వాళ్ళతో యుద్ధం చేసి వెనక్కి తెప్పించుకుంది. ఇప్పుడు ఆ కంట్రోల్ పానెల్‌లో ఏ బొత్తాం ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతుంది.

ఎదురు బల్ల చెల్లెలిది. కంప్లయింట్లు రాసుకునే పని. మొగుడి దగ్గర్నుంచి ఒక్క సంచీతో వచ్చేస్తే, అక్క ఓనర్ని అడగలేదు, "రేపట్నుంచి మా చెల్లెలు వస్తుంది" అని చెప్పింది అంతే. ఆ రోజు చెల్లెలి మెడ మీద వేళ్ళ గుర్తులు చూసి అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. అలాంటి మొగుణ్ణి తెచ్చింది ఎవరో కాదు, సొంత అన్నయ్య. తన స్నేహితుడని, బంగారం లాంటి మనిషని, తనే దగ్గరుండి కట్టబెట్టాడు. చెల్లెలు బయటికొచ్చేసిందని తెలిసి ఏమన్నాడు? "సంసారం అన్నాక సర్దుకోవాలమ్మా" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. చెల్లెలి కొత్త ఫోను నంబరు తీసుకెళ్ళి ఆ మహానుభావుడి చేతిలోనే పెట్టాడు. మళ్ళీ కలిసిపోతారని ఆశట!

ఆ సాయంత్రం అక్క అన్నయ్య గుమ్మంలో నిలబడి వీధి వీధంతా వినేలా కడిగేసింది. చెల్లెలు నంబరు మార్చేసింది. అన్నయ్య నంబరు ఇద్దరి ఫోన్లలోనూ బ్లాకులో పడింది. అక్కకి అక్కడితో పీడ వదిలినట్టే. చెల్లెలికి మాత్రం వదల్లేదు.

ఎందుకంటే ఆ పిల్లని పెంచింది అన్నయ్యే. అమ్మానాన్నలు పోయేనాటికి దానికి జడ వేసుకోవడం కూడా రాదు. ఫ్రిజ్‌లు బాగుచేసే చేతులతో, వేళ్ళకి గ్రీజు మరకలతో, అన్నయ్యే జడ వేసి బడికి పంపేవాడు. వేరుశనక్కాయలు ఒలిచిపెడితే రెండు బుగ్గల్లోనూ దాచుకుని, అడిగితే లేవని తల అడ్డంగా ఊపేదట. అందుకని 'ఉడత' అని పేరు పెట్టాడు. ఇంట్లోవాళ్ళే తప్ప ఇంకెవరూ ఆ పేరుతో పిలవలేదు.

"అన్నయ్య 'తప్పు నాదే' అని ఒక్క ముక్క అంటే చాలక్కా. నాకింకేం వద్దు," అనేది చెల్లెలు.

"వాడా? వాడి పౌరుషం చూశావుగా! చచ్చినా అనడు," అనేది అక్క. "నువ్వు మాత్రం ముందు మెట్టు దిగావో, నేను ఊరుకోను. వాణ్ణే రానీ."

చెల్లెలు మాత్రం పొద్దున్నే కంప్యూటరు తెరిచి, కంప్లయింట్లకంటే ముందు తన మెయిల్ ఒకసారి చూసుకునేది. ఆ చూపు ఎవరికోసమో అక్కకి తెలుసు. తెలిసీ తెలియనట్టు ఫైళ్ళు సర్దుకునేది.

అన్నయ్య నుంచి రాలేదు గానీ, రాకూడనివాడి నుంచి రావడం మొదలైంది. కంపెనీ వెబ్‌సైటులో చెల్లెలి మెయిల్ అడ్రసు చూసి పట్టుకున్నాడు మొగుడు. రోజుకి ఇన్నని లేదు. సబ్జెక్ట్ దగ్గర ఎప్పుడూ ఒకటే పిలుపు, 'ఉడతా' అని. స్నేహితుడి ఇంట్లో తిని, స్నేహితుడి నోట విని నేర్చుకున్న పేరు. లోపల మొదటి రెండు లైన్లూ పాకం, మూడో లైనునుంచి విషం. మొహం మీద ఏం పోస్తాడో, ఏ సందులో కాపు కాస్తాడో రాసేవాడు. ఒక అడ్రసు ఆపితే ఇంకొకటి పుట్టించేవాడు. పోలీసు స్టేషన్లో కొన్ని అచ్చుతీసి ఇచ్చొచ్చారు. వాళ్ళు ఫైలులో పెట్టుకున్నారు. చెల్లెలికి కంప్యూటరు తెరవాలంటేనే వణుకు పట్టుకుంది. అన్నయ్య కోసం తెరవాలి, తెరిస్తే వీడు.

ఒక మధ్యాహ్నం చెల్లెలు కుర్చీలోంచి లేచి బాత్‌రూమ్‌లోకి పరిగెత్తి వాంతి చేసుకుంది. అక్క ఆ స్క్రీను వంక ఒకసారి చూసి, తన బల్ల దగ్గరికొచ్చి, హోస్టింగ్ కంపెనీకి ఫోను కలిపింది.

"ఫిల్టరు పెట్టుకోండి మేడమ్," అన్నాడు అవతల కుర్రాడు. "అడ్రసు మారుస్తున్నాడంటున్నారు కాబట్టి అడ్రసు మీద పెడితే లాభం లేదు. ప్రతి మెయిల్లోనూ తప్పకుండా ఉండే మాట ఏదైనా ఉందా?"

"ఉంది," అంది అక్క.

ఆవిడ లెక్క ఆవిడ వేసింది. ఆ మాట తెలిసినవాళ్ళు ఈ లోకంలో ఎంతమంది? అమ్మానాన్నలు లేరు. తను ఎదురుగా కూర్చునుంది, పిలవాలంటే కేకేస్తే చాలు. అన్నయ్య రాయడు, వాడికి పౌరుషం. వదినకి మెయిల్ రాయడమే రాదు. ఇక మిగిలింది ఆ దరిద్రుడొక్కడే. ఉడత అని రాసినవాడు వాడు తప్ప ఇంకొకడు కాడు. లెక్క చక్కగా సరిపోయిందనుకుంది.

ఫిల్టర్ల పేజీ తెరిచింది. సబ్జెక్ట్‌లో ఈ మాట ఉంటే, అని ఒక గడి. ఫోన్లో అందరూ రాసినట్టే వాడూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాడు కాబట్టి, అలాగే కొట్టింది. కింద ఇంకో గడి, ఉంటే ఏం చెయ్యాలి అని.

"డిస్కార్డ్ పెట్టండి మేడమ్. ఎవరికీ చెప్పకుండా మాయమైపోతుంది. పంపినవాడు చేరిందనే అనుకుంటాడు."

"ఆ కింద 'ఫెయిల్ విత్ మెసేజ్' అని ఉందే, అదేంటి?"

"అది వద్దండి. మెయిల్ తిప్పికొట్టి, మీరు రాసిన మాటలు పంపినవాళ్ళకి వెళతాయి. ఎవరు పంపినా అవే వెళతాయి, మనిషిని బట్టి మారదు. మీకెందుకు చెప్పండి, డిస్కార్డే మంచిది."

చెల్లెలు మొహం కడుక్కుని వచ్చి పక్కనే నిలబడింది. "అక్కా, వాణ్ణి రెచ్చగొట్టకే. మాయమైపోనీ, అంతే చాలు."

"సరేలేవే. వెళ్ళి ఆ మంచినీళ్ళు తాగు," అంది అక్క.

చెల్లెలు అటు తిరిగింది. అక్క ఫోను పెట్టేసింది. మాయమైపోవాలా? ఊరికే? చెల్లెలి మెడ మీద వేళ్ళ గుర్తులు పెట్టినవాడికి చెంప ఛెళ్ళుమనకుండా? ఆవిడ వల్ల కాలేదు. డిస్కార్డ్ మీదున్న చుక్కని తీసి కింద దాని మీద పెట్టింది. ఖాళీ గడిలో, చెల్లెలే అన్నట్టుగా, తన నోటికొచ్చినట్టు కొట్టింది. 'నీ పాడుమొహం నాకు చూపించకు. నాకు నువ్వు ఎప్పుడో చచ్చావు. నిజంగా చచ్చినప్పుడు కబురు చెయ్యి, వచ్చి చూసిపోతాను. అప్పటిదాకా రాయకు.'

మళ్ళీ చదువుకుంది. బాగుంది. కిందనే ఫిల్టరు పనిచేస్తుందో లేదో చూసుకునే గడి ఉంటే, వాడి మెయిల్ ఒకటి అందులో వేసి చూసింది. పట్టేసింది. గడ్డి పెట్టిన తృప్తితో అక్క ఆ మధ్యాహ్నం మెకానిక్కులెవర్నీ తిట్టలేదు.

అంతే, వాడి మెయిళ్ళు కళ్ళబడడం ఆగిపోయింది. చెల్లెలికి ఆకలి వేయడం మొదలైంది. మెకానిక్కులు లిఫ్టులో ఇరుక్కున్న పెద్దమనిషి ఎలా గగ్గోలు పెట్టాడో చెబితే పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని అక్క గుండె నిండిపోయింది. "చూశావుటే ఉడతా, నా మందు ఎలా పనిచేసిందో!" అని మురిసిపోయింది.

"చూశాను," అంది చెల్లెలు. తర్వాత స్క్రీను వంక తిరిగి, "ఇప్పుడైతే భయం లేకుండా తెరుస్తున్నా. అన్నయ్య రాస్తే బాగుండునక్కా," అంది.

"రాస్తాడు రాస్తాడు. వాడి తల పొగరు దిగనీ," అంది అక్క.

వర్షాలు వచ్చాయి, పోయాయి. ఆఫీసు పంకా మార్చారు. చెల్లెలు ఒకటి రెండుసార్లు "ఒకసారి వెళ్ళొద్దామా" అంది. అక్క కళ్ళెర్రజేసింది. చెల్లెలు మళ్ళీ తన కంప్యూటరు వైపు తిరిగింది.

ఒక పొద్దున ఆఫీసు ఫోను మోగితే చెల్లెలు ఎత్తి, అలవాటు ప్రకారం, "నమస్కారమండీ, మీ లిఫ్టు ఏ బిల్డింగులో ఉంది?" అంది. అవతలి మాట విన్నాక కూడా ఫోను చెవి దగ్గరే ఉంది. ముఖం పాలిపోయింది.

"ఎవరే?" అంది అక్క.

"వదిన. అన్నయ్య పోయాడట." చెల్లెలు ఫోను ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుంది. "'కబురు చెయ్యమన్నావుగా, చేస్తున్నాను' అంది. పెట్టేసింది. నేనెప్పుడన్నానక్కా?"

అక్కకి అప్పుడే పూర్తిగా అర్థం కాలేదు. కానీ ఆ మాట తనదేనని మాత్రం తెలిసింది. కన్నబిడ్డ ఏడుపు పక్కగదిలోంచి వినబడితే తల్లికి తెలిసినట్టు తెలిసింది.

ఆటోలో చెల్లెలు ఏడుస్తూ దారంతా అదే అడిగింది. "నేనెప్పుడన్నాను? వదిన అలా ఎందుకంది?" అని. "దుఃఖంలో ఉంది కదా, ఏదో అనుంటుంది," అంది అక్క. ఆ అబద్ధం ఆవిడ గొంతు దాటి బయటికి రావడానికి తల ప్రాణం తోకకొచ్చింది.

అన్నయ్యని ముందు గదిలో పడుకోబెట్టారు. మనిషి సగం అయిపోయాడు. మెడకి తెల్లటి గుడ్డ చుట్టి ఉంది. చెల్లెలు కాళ్ళ మీద పడి గొల్లుమంది. వదిన గోడకి ఆనుకుని బెల్లం కొట్టిన రాయిలా కూర్చునుంది. చెల్లెలి వంక చూసి, "ఇప్పుడు ఏడుస్తున్నావా?" అంది. గొంతు పెంచలేదు.

"నాకు తెలియదు వదినా. ఒంట్లో బాగాలేదని ఒక్క మాట చెబితే..."

"చెప్పలేదా? నాలుగుసార్లు రాశారు. గొంతులో గడ్డ లేచి, కోసేశాక మాట పోయింది ఆయనకి. ఫోన్లో మాట్లాడలేరు, మంచం దిగలేరు. అందుకని రాశారు. ఆపరేషనుకి ముందు నీ నంబరు కలవక ఓసారి, తర్వాత మూడుసార్లు. పంపడం ఆలస్యం, క్షణంలో నీ జవాబు. నాలుగుసార్లూ ఒకటే జవాబు. పైన ఏదో ఇంగ్లీషులో ఉందిలే, అది ఆయనకేం తెలుస్తుంది, నాకేం తెలుస్తుంది? కింద మన మాటలు తెలియవా?"

"నేను రాయలేదు. ఒట్టు వదినా, నేను రాయలేదు."

"ఆయన ఏమనుకున్నారో తెలుసా?" వదిన గోడ వదిలి ముందుకు జరిగింది. "పలక మీద రాసి చూపించారు నాకు. 'చూడు, నా మెయిల్ వస్తుందేమో అని ఫోను పట్టుకునే కూర్చున్నట్టుంది. అంత కోపం దానికి నా మీద' అని. నేను వెళ్ళి కాళ్ళు పట్టుకుని తీసుకొస్తానంటే వద్దన్నారు. పోయాక చెప్పమన్నారు. అది వస్తానంది అప్పుడే కదా, అని రాశారు."

వదిన అన్నయ్య ఫోను తీసి చెల్లెలి ఒళ్ళో పడేసింది.

చెల్లెలు చదివింది. అక్క పక్కన నిలబడి ఆ పిల్ల కళ్ళు లైను లైనూ దిగడం చూసింది. 'పాడుమొహం' దగ్గర ఆ కళ్ళు ఆగాయి. పాడుమొహం అని ఆ ఇంట్లో తిట్టేది ఒక్కరే. చెల్లెలు మెల్లగా తలెత్తి అక్క వంక చూసింది.

అక్క చుట్టూ చూసింది. గదిలో అందరూ చూస్తున్నారు. అన్నయ్య కూడా చూస్తున్నాడేమో అనిపించింది.

"రాసింది అది కాదు వదినా, నేను రాశాను," అంది. "దానికి తెలియదు. వాడి కోసం రాశాను, దాని మొగుడి కోసం. ఉడత అని ఎవరు రాసినా తిరిగిపోయేలా పెట్టాను. కంప్యూటరు దానంతటదే పంపింది. అన్నయ్యకి కాదు. అన్నయ్యకి నేనెందుకు రాస్తాను?"

వదిన తిట్టినా బాగుండేది. "ఎవరి కోసం రాస్తే ఏం, చదివింది ఈయన," అంది. ముఖం అటు తిప్పుకుంది.

చెల్లెలు ఒక మూల ముక్కాలి పీట మీద కూర్చుని అన్నయ్య మెయిళ్ళు చదువుకుంది. మొదటిది పెద్దది. అందులో తప్పు నాదే అని ఉంది. వాడు మనిషి కాదని ఆలస్యంగా తెలుసుకున్నానని, నీ మెడ మీద గుర్తుల గురించి మీ అక్క అరిచినప్పుడే నమ్మాల్సిందని ఉంది. రెండోది చిన్నది. మూడోది ఇంకా చిన్నది. నాలుగోదాంట్లో లోపల ఏమీ లేదు. పైన సబ్జెక్ట్ దగ్గర 'ఉడతా' అని ఒక్క పిలుపు, అంతే. ఆ పిలుపు పెట్టకుండా ఏం రాసినా నేరుగా చేరేది. కానీ చెల్లెల్ని పిలవకుండా ఎలా మొదలుపెడతాడు?

ఆ తర్వాత ఆఫీసులో అక్క ఎవర్నీ తిట్టలేదు. తాళాలు పోగొట్టుకున్న మెకానిక్కు తిట్లకి సిద్ధపడి వస్తే, "సరే, వేరేవి చేయిద్దాం" అంది. అతను భయపడి ఓనరు దగ్గరికెళ్ళి ఆవిడకి ఒంట్లో బాగాలేదేమో కనుక్కోమన్నాడు. ఎదురు బల్ల నుంచి చెల్లెలు పనికి కావలసినంతే మాట్లాడేది. అరవలేదు, దెప్పలేదు. అక్కకి అదే ఎక్కువ బాధగా ఉండేది. ఉడతా అని నోటి దాకా వచ్చేది, అక్కడే ఆగిపోయేది. పేరు పెట్టి పిలవడం ఎప్పుడూ అలవాటు లేదు కాబట్టి, ఏమీ పిలవకుండానే "ఇది చూడు", "అది ఇయ్యి" అనేది.

ఒకరోజు చెల్లెలే లేచి ఆవిడ బల్ల దగ్గరికి వచ్చింది. "ఆ ఫిల్టరు తీసెయ్," అంది.

"తీస్తే వాడివి వస్తాయే."

"అన్నయ్య ఐదోది రాసుంటే?"

"రాసుంటే వదిన చెప్పేది కదే," అంది అక్క. "ఒకవేళ రాసినా, తిరిగిపోయింది మళ్ళీ రాదు. అందులో ఏమీ దాచిపెట్టదు అది."

"తెలుసు. తీసెయ్."

అక్క పానెల్ తెరిచింది. ఫిల్టరు పేరు ఎదురుగా డిలీట్ అని ఉంది. నొక్కితే 'నిజంగానా' అని అడిగింది. అవునంది. ఆవిడ మాటలన్నీ ఒక్కసారిగా పోయాయి, ఎవరూ ఎప్పుడూ రాయనట్టు.

ఆ పూట ఏమీ రాలేదు. మర్నాడు రెండు కంప్లయింట్లు వచ్చాయి, ఒక తలుపు మూసుకోవడం లేదని, ఒక లైటు వెలగడం లేదని. భోజనాల వేళ చెల్లెలు కంప్యూటరు ముందు డబ్బా మూత తీస్తోంది. టింగుమని చప్పుడైంది.

అక్క తలెత్తింది. చెల్లెలు స్క్రీను వంకే చూస్తోంది. ఆ ముఖంలో, ఒక్క రెప్పపాటు, అక్క చిన్నప్పుడు చూసిన వెలుగు వచ్చింది, అన్నయ్య గుప్పెట్లో వేరుశనక్కాయలు పట్టుకుని గుమ్మంలోంచి కేకేసినప్పటిది. అక్కకి చూడకుండానే తెలిసింది, సబ్జెక్ట్ దగ్గర ఏం రాసుందో. ఎవరు రాశారో కూడా తెలిసింది. ఇక ఆ పేరుతో పిలిచేవాడు ఆ దరిద్రుడొక్కడే మిగిలాడు.

చెల్లెలి ముఖంలో వెలుగు ఆరిపోయింది. అయినా, ఆ పిలుపు కోసమే అన్నట్టు, చెయ్యి చాపి ఆ మెయిల్ తెరిచింది. మొదటి రెండు లైన్లూ చదివి, మూడో లైను కూడా చదవసాగింది. అక్క వద్దనలేదు.